చైన్ సా గొలుసు బార్ మీద నిలవడం లేదు, ఈ రోజు నాలుగుసార్లు ఊడింది

కొమ్మలకోత · శనివారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి ప్రశ్న.

నా దగ్గర ఆరేళ్ళ నాటి పెట్రోలు చైన్ సా ఉంది. 45 సీసీ ఇంజన్, 18 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ). ఇన్నాళ్ళూ పేచీ పెట్టలేదు. పాత గొలుసు పళ్ళు అరిగిపోయాయని రెండు వారాల క్రితం కొత్తది వేశాను. అప్పటి నుంచి ఇదే గోల. ఈ రోజు ఒక్క రోజే నాలుగుసార్లు ఊడింది. ఊడిన ప్రతిసారీ కవర్ విప్పి, ఎక్కించి, ముందుకన్నా కాస్త గట్టిగా బిగిస్తున్నాను. పది నిమిషాలు బాగానే కోస్తుంది. తరువాత బార్ కింద గొలుసు వేలాడుతుంది, ఇంకాసేపటికి ఊడి కూర్చుంటుంది. పెద్ద దుంగల మీద పరవాలేదు, సన్నకొమ్మలు నరికేటప్పుడే ఎక్కువ.

కొత్త గొలుసు కదా, సాగుతోందిలే అనుకున్నాను. కానీ రెండు వారాలైనా సాగుతూనే ఉంటుందా? నాలుగోసారి ఊడినప్పుడు కవర్ కింద ఏదో టప్పున కొట్టింది. దాంతో భయం వేసి ఆపేశాను.

బలరంపం · శనివారం, సాయంత్రం 6:32

కొత్త గొలుసు సాగడం మామూలే. మీ బిగింపు చాలడం లేదు, అంతే. వేళ్ళతో లాగినా కదలనంత గట్టిగా బిగించండి. నేను ఎనిమిదేళ్ళుగా అలాగే వాడుతున్నాను, ఒక్కసారీ ఊడలేదు.

పాతఇంజన్ · శనివారం, రాత్రి 7:05

బలరంపం గారూ, మీరు చెప్పినట్టు చేస్తే గొలుసు ఊడని మాట నిజమే. దాని బదులు బార్ కొసనున్న చక్రం పోతుంది, గొలుసును తిప్పే క్లచ్ డ్రమ్ములోని నీడిల్ బేరింగు పోతుంది, ఆ తరువాత క్రాంక్ షాఫ్ట్ బేరింగు వంతు. గొలుసు ధర మిగిలిందని సంతోషిస్తూ ఇంజన్ విప్పుకోవచ్చు.

కొమ్మలకోత గారూ, గొలుసు చల్లగా ఉన్నప్పుడు చూడండి. బార్ కింది అంచుకు ఆనుకుని ఉండాలి, ఎక్కడా సందు కనిపించకూడదు. చేతి తొడుగు వేసుకుని లాగితే మాత్రం చుట్టూ సులువుగా తిరగాలి. బార్ మధ్యలో పట్టుకుని కిందికి లాగితే డ్రైవ్ లింకులు (బార్ గాడిలో దిగి నడిచే లింకులు) కొంత బయటికి రావాలి, వాటి మొనలు గాడిలోనే ఉండాలి. ఈ రెండూ కుదిరితే బిగింపు సరిగ్గా ఉన్నట్టే.

ఇంకొకటి. పని మధ్యలో వేడిగా ఉన్నప్పుడు వదులైందని బిగిస్తే, పని ముగిశాక మరిచిపోకుండా సడలించండి. అలాగే వదిలేస్తే చల్లారుతూ కుంచించుకుని రాత్రంతా షాఫ్టును లాగుతూ ఉంటుంది.

ఆకురాయి · శనివారం, రాత్రి 8:20

బిగింపు సంగతి పాతఇంజన్ గారు చెప్పేశారు. నాకు ఆ "టప్పు" మీదే అనుమానం. బార్ మొదట్లో, కవర్ కింద, చిన్న ముక్క ఒకటి పొడుచుకుని ఉంటుంది చూడండి, దాన్ని చైన్ క్యాచర్ అంటారు. గొలుసు తెగినా ఊడినా కొరడాలా మీ కుడిచేతి మీదికి రాకుండా దెబ్బ తను కాస్తుంది. అల్యూమినియంతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు, విరగాల్సి వస్తే అదే విరగాలని. విరిగి ఉంటే కొత్తది వేసే వరకు రంపం ముట్టుకోకండి.

చూసే ముందు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్గు టోపీ ఊడదీసి పక్కకు పెట్టండి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీ బయట ఉండాలి. ఆ తరువాత నాకు ఈ సంగతులు చెప్పండి.

బార్ తోక దగ్గర, నట్లు బిగించే చోటికి కాస్త ముందు, అంకెలు చెక్కి ఉంటాయి. అక్కడ ఏమని ఉంది? పాత గొలుసు పారేశారా, ఉందా? ఉంటే కొత్తదాని పక్కన పెట్టి చూడండి. ఊడిన గొలుసులో డ్రైవ్ లింకుల అంచులు చిట్లాయా? కవర్ విప్పినప్పుడు లోపల పొట్టు ఎంత పేరుకుంది?

నీలిబ్యాటరీ · శనివారం, రాత్రి 8:41

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది చిన్న బ్యాటరీ రంపం, పానా అక్కర్లేకుండా పక్కనున్న గుండ్రటి పిడిని తిప్పితే గొలుసు బిగుస్తుంది. ఎంత తిప్పినా రెండు కోతలకే వదులవుతోంది. నాది కూడా ఇదే జబ్బా?

ఆకురాయి · శనివారం, రాత్రి 8:58

నీలిబ్యాటరీ గారూ, మీ రంపంలో పిడి వెనక చుట్టుగాడి ఉన్న పళ్ళెం ఒకటి తిరుగుతూ బార్‌ను ముందుకు నెడుతుంది. ఆ గాడిలో నూనె, పొట్టు కలిసి గట్టిపడితే పిడి బిగిసినట్టే అనిపిస్తుంది, బార్ మాత్రం కదలదు. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో శుభ్రం చేయండి. తరువాత బిగించేటప్పుడు బార్ కొసను పైకి ఎత్తి పట్టుకోండి. నేను చూసిన చాలామంది కొసను కిందికి వదిలేసి బిగిస్తారు. మొదటి కోతలో దుంగ బార్‌ను పైకి నెట్టగానే ఆ సందంతా వదులుగా మారుతుంది.

నీలిబ్యాటరీ · శనివారం, రాత్రి 9:30

గాడిలోంచి మైనం ముద్దలాంటిది బయటికి వచ్చింది! కొస ఎత్తి బిగించాను. రేపు కోసి చూసి చెబుతాను. ధన్యవాదాలు.

కొమ్మలకోత · ఆదివారం, ఉదయం 9:15

చైన్ క్యాచర్ విరగలేదు కానీ లోతుగా గాటు పడింది. మార్చేస్తాను.

కవర్ కింద పొట్టు దండిగా ఉంది, గోకి తీశాను. బార్ తోకను గుడ్డతో తుడిస్తే అంకెలు బయటపడ్డాయి: 18 అంగుళాలు, .325, .058, 72. పాత గొలుసు ఉంది, పారేయలేదు. పక్కపక్కన పెడితే నా కంటికి రెండూ ఒకటే, లెక్కపెడితే రెండింటికీ 72 డ్రైవ్ లింకులే. కొత్తదాని మీద అంకె ఏదో ఉంది కానీ చెదిరిపోయింది.

ఇంకో తలనొప్పి. ఇప్పుడు కవర్ తిరిగి కూర్చోవడం లేదు. డ్రమ్ముకు అడ్డం పడుతోంది.

పాతఇంజన్ · ఆదివారం, ఉదయం 9:40

బ్రేకు పడి ఉండగా కవర్ తీశారు కదూ? మీ రంపంలో బ్రేకు పట్టీ కవర్‌లోనే ఉన్నట్టుంది. బిగుసుకున్న పట్టీ డ్రమ్ము చుట్టూ ఎక్కదు. మాన్యువల్ చూసి ముందు బ్రేకు వదిలించండి, స్ప్రింగు బలమైనది, వేళ్ళు జాగ్రత్త. ఇకమీదట కవర్ విప్పే ముందే ముందరి కవచాన్ని మీ వైపు లాగి బ్రేకు వదిలేసి పెట్టుకోండి. ఇది నేనూ ఒకసారి నేర్చుకున్న పాఠమే, అరగంట తిట్టుకున్నాను.

కొలతబద్ద · ఆదివారం, ఉదయం 10:22

కంటికి ఒకటే అంటే సరిపోదు. వెర్నియర్ కాలిపర్ ఉందా? రెండు కొలతలు తీయండి.

మొదటిది పిచ్. వరుసగా మూడు రివెట్లు తీసుకుని, మొదటిదాని మధ్య నుంచి మూడోదాని మధ్య వరకు కొలిచి సగం చేయాలి. .325 అంగుళం అంటే 8.25 మిల్లీమీటర్లు, కాబట్టి మీకు 16.5 రావాలి. రెండోది గేజ్, అంటే బార్ గాడిలోకి దిగే డ్రైవ్ లింకు మందం. వాడుకలో ఉన్నవి నాలుగు: 1.1, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. అంగుళాల లెక్కలో .043, .050, .058, .063. మీ బార్ మీద .058 ఉంది కాబట్టి డ్రైవ్ లింకు మందం 1.5 ఉండి తీరాలి.

అంకె కనిపిస్తే కొలవనక్కర్లేదు. .325 పిచ్‌లో ఒరెగాన్ కంపెనీ గొలుసులకు డ్రైవ్ లింకు మీద 20, 21, 22 అని ఉంటుంది. అవి వరుసగా 1.3, 1.5, 1.6. స్టిల్ కంపెనీ గొలుసులైతే 3, 5, 6 అని ఒక్క అంకే వేస్తారు, 3 అంటే 1.3, 5 అంటే 1.5. మీది చెదిరిందన్నారు కాబట్టి కాలిపరే గతి.

కొమ్మలకోత · ఆదివారం, మధ్యాహ్నం 12:05

బ్రేకు వదిలించాను, కవర్ కూర్చుంది.

కొలతలు. పిచ్ రెండింటికీ 16.5, సగం 8.25. గేజ్ దగ్గర ఆగిపోయాను. పాత గొలుసు 1.5కు కాస్త తక్కువ. కొత్తది 1.3. నమ్మకం కుదరక ఐదారు లింకులు కొలిచాను, అన్నీ 1.3.

ఎక్కించినప్పుడు ఎక్కడా పట్టేయకుండా హాయిగా దిగింది. హాయిగా దిగడమే తప్పని ఇప్పుడు తెలిసింది. కానీ 0.2 మిల్లీమీటర్లకే ఇంత రభసా?

ఆకురాయి · ఆదివారం, మధ్యాహ్నం 1:10

రభస అంతా ఆ 0.2లోనే ఉంది. పిచ్ కలిసింది, లింకుల సంఖ్య కలిసింది, కాబట్టి ఎక్కేటప్పుడు ఏ అడ్డూ రాదు. 1.5 గొలుసును 1.3 గాడిలో పెట్టబోయారనుకోండి, దిగనే దిగదు, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. మీకు జరిగింది దానికి తిరగేసిన తప్పు. గాడిలో డ్రైవ్ లింకు నిటారుగా నిలబడకుండా ఒక పక్కకు ఒరిగి పరుగెడుతుంది. కోత వంకర తిరుగుతుంది, గాడి అంచు ఒకవైపే అరుగుతుంది. దుంగలో ఉన్నంతసేపు రెండు వైపులా చెక్క ఆసరా ఇస్తుంది. సన్నకొమ్మ ఆసరా ఇవ్వదు సరికదా ఊగి గొలుసును పక్కకు లాగుతుంది.

రెండు వారాలు అలా తిప్పారు కాబట్టి కొత్త గొలుసు వేసే ముందు బార్ సంగతి చూడాలి. బార్‌ను చదునైన బల్ల మీద అంచు మీద నిలబెట్టి మూలమట్టం ఆనించండి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉండాలి, బార్ పక్కకు వాలకూడదు. అంచుల బయట పక్కన గోరు పెట్టి నెమ్మదిగా గీయండి. వేలు పెట్టవద్దు, తెగుతుంది. గోరుకు సన్నని రెక్కలాంటిది తగిలితే అది అరిగి బయటికి పరుచుకున్న ఇనుము. చదును ఆకురాయితో రెండుసార్లు రుద్దితే పోతుంది. గాడిలోపల సన్నని రేకుతో లాగితే నల్లటి బంక వస్తుంది, అదంతా తీసేయండి. తోక దగ్గర నూనె దిగే చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుందేమో సూదితో చూడండి.

గాడి వెడల్పైపోతే సుత్తితో కొట్టి దగ్గరికి చేర్చవచ్చని చెప్పేవాళ్ళున్నారు. నేనూ ఒకసారి కొట్టాను. గాడి దగ్గరికి వచ్చింది, బార్ విల్లులా వంగింది.

బలరంపం · ఆదివారం, మధ్యాహ్నం 1:35

బార్ ఒకవైపే అరుగుతుందంటే గుర్తొచ్చింది. గొలుసు మార్చినప్పుడల్లా బార్‌ను తలకిందులు చేసి వేయాలంటారు, నిజమేనా? అలా వేస్తే దాని మీద రాత తలకిందులవుతుంది కదా, ఏదో తప్పుగా బిగించినట్టు ఉంటుందని నేనెప్పుడూ చేయలేదు.

పాతఇంజన్ · ఆదివారం, మధ్యాహ్నం 1:41

రాత చదవడానికి కాదు బలరంపం గారూ, కోయడానికి కొన్నాం. తిప్పండి. కోత బరువంతా కింది అంచే మోస్తుంది, తిప్పకపోతే ఒకటి అరిగి రెండోది కొత్తగానే ఉండిపోతుంది.

అడవిదారి · ఆదివారం, సాయంత్రం 4:50

గేజ్ తేడా దొరికింది, సంతోషం. కానీ సన్నకొమ్మల మీద సరైన గొలుసు కూడా ఊడుతుంది. నేను దారులకు అడ్డొచ్చే పొదలు కొట్టే పనిలో ఉన్నాను, రోజూ చూసేదే.

వేలెడు మందం కొమ్మల గుంపులోకి బార్ కొసను దూర్చి ఊపితే రెండు జరుగుతాయి. ఒక రెమ్మ గొలుసుకూ బార్‌కూ మధ్య ఇరుక్కుని గొలుసును గాడిలోంచి పైకి ఎత్తుతుంది. లేదంటే కోత పూర్తయ్యీ కాకముందే మీరు రంపాన్ని మెలితిప్పి బయటికి లాగుతారు, అప్పటికి గొలుసు వేగం తగ్గి ఉంటుంది, పక్కకు జారుతుంది. కొసతో గుచ్చితే వెనక్కి తన్నే ప్రమాదం ఎటూ ఉంది. కాబట్టి కొమ్మను బార్ మొదట్లోకి, ఇంజన్ ముందున్న ముళ్ళకు దగ్గరగా తెచ్చుకోండి. చెక్కను తాకక ముందే పూర్తి వేగం అందుకోవాలి, కోత అవతలికి వచ్చే దాకా అదే వేగం ఉండాలి, వచ్చిన దారినే నేరుగా బయటికి తీయాలి. నిజానికి వేలెడు కొమ్మలకు చేతికత్తెరే మేలు. ఆ మాట చెబితే మా పనివాళ్ళు నవ్వుతారు, సాయంత్రానికి గొలుసులు ఎక్కించుకుంటూ కూర్చునేదీ వాళ్ళే.

నీలిబ్యాటరీ · ఆదివారం, సాయంత్రం 5:20

ఈ రోజు రెండు బ్యాటరీలు ఖాళీ అయ్యే దాకా కోశాను. ఒక్కసారి కూడా వదులు కాలేదు! ఇక పక్కన కూర్చుని మీ మాటలు వింటాను.

కొమ్మలకోత · బుధవారం, రాత్రి 8:45

1.5 గేజ్ గొలుసు వచ్చింది. ఈసారి కాలిపర్ పట్టుకుని కొలిచాకే పెట్టె పారేశాను.

బార్ కింది అంచుకు రెక్క ఉంది, రుద్ది తీసేశాను. మూలమట్టం పెడితే వెంట్రుకవాసి తేడా ఉండేది, అదీ పోయింది. బార్ తిప్పి వేశాను (రాత తలకిందులే ఉంది, బలరంపం గారూ, బాగానే కోస్తోంది). చైన్ క్యాచర్ కొత్తది. నూనె పరీక్ష కూడా చేశాను. బార్ కొసను తెల్ల అట్టకు జానెడు దూరంలో పట్టుకుని వేగం పెంచితే అట్ట మీద సన్నని నూనె గీత పడింది. గొలుసును తిప్పే పళ్ళచక్రం, అదే స్ప్రాకెట్ రిమ్ము, గత ఏడాదే మార్చాను, దాని మీద గాట్లు గోటికి తగిలీ తగలనట్టున్నాయి.

మొదటి ట్యాంకు పెట్రోలు అయ్యే వరకు అద్భుతం. కోత గీత గీసినట్టు వచ్చింది. ఈ చర్చా దారం ఇక ముగిసిందని రాద్దామనుకుంటూ రెండో ట్యాంకు పోశాను. పావుగంటకు బార్ కింద గొలుసు మళ్ళీ వేలాడింది. బిగించాను. మళ్ళీ వేలాడింది. ఆ తరువాత ఊడింది.

అంటే గేజ్ ఒక్కటే కాదు. నాకు ఓపిక పోతోంది.

బలరంపం · బుధవారం, రాత్రి 9:02

ఇది మాత్రం కొత్త గొలుసు సాగడమే. ఈసారి నేను చెప్పింది వినండి.

కొలతబద్ద · బుధవారం, రాత్రి 9:48

కొత్త గొలుసు మొదటి గంటలో కొంత వదులవుతుంది, ఆ మాట నిజం. రివెట్ల దగ్గర అన్నీ సర్దుకుంటాయి. వేడికీ కొంత పెరుగుతుంది. ఎంతో లెక్క వేద్దాం. 72 లింకులు, ఒక్కోటి 16.5, మొత్తం దాదాపు 1190 మిల్లీమీటర్లు. 80 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు గొలుసు ఒక మిల్లీమీటరుకు కాస్త పైన పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరేనా అనకండి. 450 మిల్లీమీటర్ల పొడవున వేలాడే గొలుసుకు ఒక్క మిల్లీమీటరు వదులు దొరికితే మధ్యలో ఒక సెంటీమీటరుకు పైగా కిందికి దిగుతుంది. బార్ కూడా వేడెక్కి పెరుగుతుంది కాబట్టి అంతా కనిపించదు.

కాబట్టి ఒకసారి వేలాడితే నేను పట్టించుకోను. కానీ బిగించాక మళ్ళీ, ఆ తరువాత మళ్ళీ అంటే గొలుసు పెరగడం లేదు, బార్ వెనక్కి జరుగుతోంది. నా అనుమానం ఇది. పరీక్ష చాలా తేలిక: గొలుసు సరిగ్గా బిగించాక, క్లచ్ కవర్ ముందు అంచు వెంబడి బార్ మీద సన్నని పెన్సిల్ గీత గీయండి. పావుగంట కోయండి. గీత ఎక్కడుందో చూడండి.

కొమ్మలకోత · గురువారం, సాయంత్రం 6:30

గీత కనిపించలేదు! చెరిగిపోయిందేమో అనుకుని కవర్ నట్లు వదులు చేసి బార్‌ను ముందుకు లాగితే, కవర్ కింది నుంచి బయటికి వచ్చింది. అటూ ఇటుగా 2 మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళింది. నట్లు మాత్రం నా బలం కొద్దీ బిగించే ఉన్నాయి.

కొలతబద్ద · గురువారం, సాయంత్రం 6:44

బార్ 2 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తే గొలుసుకు పైన రెండు, కింద రెండు, మొత్తం 4 మిల్లీమీటర్ల వదులు. అంటే కింద రెండు సెంటీమీటర్లకు పైగా వేలాడుతుంది. అలాంటి గొలుసును ఏ గేజ్ గాడీ పట్టి ఉంచదు.

పాతఇంజన్ · గురువారం, రాత్రి 7:15

ఇప్పుడు దారిలోకి వచ్చింది. బార్‌ను వెనక్కి పోకుండా ఆపేవి రెండు. ఒకటి నట్లు, కవర్ కలిసి బార్‌ను నొక్కి పట్టే పట్టు. రెండోది గొలుసు బిగించే స్క్రూతో కదిలే టెన్షనర్ మేకు, బార్ తోకలోని చిన్న రంధ్రంలో దూరి ఉండేది. ఆ మేకు రంధ్రంలో పడకుండా పక్కన ఆనుకుని ఉన్నా పైకి ఏమీ తెలియదు, కవర్ బిగుస్తుంది.

కవర్, బార్ రెండూ తీసి పక్కన పెట్టండి. టెన్షనర్ స్క్రూను మెల్లగా తిప్పుతూ మేకు మీదే కన్నుంచండి. ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడవాలి. వేలితో వెనక్కి నెట్టండి, ఎక్కడైనా జారుతుందా చూడండి. ఆపైన బార్ రెండు ముఖాలూ, అది ఆనే చోటూ పెట్రోలు గుడ్డతో తుడవండి. నూనె, పొట్టు కలిసిన పొర మీద బార్‌ను బిగిస్తే సబ్బు మీద కాలు పెట్టినట్టే. ఇంజన్ కేసు నుంచి వచ్చే బోల్టులు ఊగుతున్నాయేమో కూడా చూడండి, అక్కడ మర పోతే పని పెద్దది.

కొమ్మలకోత · గురువారం, రాత్రి 8:50

దొరికింది.

బోల్టులు గట్టిగానే ఉన్నాయి. స్క్రూ తిప్పితే మేకు మొదట చక్కగా నడిచింది. సరిగ్గా మధ్యకు వచ్చాక స్క్రూ తిరుగుతోంది, మేకు అక్కడే నిలబడింది. ఇంకో అరచుట్టు తిప్పితే టిక్కుమని వెనక్కి దూకింది. వేలితో నెడితే అదే చోట ముందుకూ వెనక్కూ జారుతోంది. విప్పి దీపం కింద పెట్టి చూశాను. స్క్రూ రెండు చివర్లా మర పదునుగా, కొత్తదానిలా ఉంది. నడుమ ఒక వేలిగోరంత మేర మర అరిగి నున్నగా, ఇత్తడి తీగలా మెరుస్తోంది. గొలుసు బిగిసినప్పుడు మేకు ఎప్పుడూ నిలబడేది ఆ నున్నటి చోటే.

బార్ ఆనే చోట నల్లటి పొర కూడా ఉంది. ఇంతకాలం కవర్ లోపలే గోకాను, ఇంజన్ వైపు చూడనే లేదు.

ఆకురాయి · గురువారం, రాత్రి 9:20

స్క్రూ మధ్యలోనే మర ఎందుకు పోయిందో ఊహించనా? మీరు గొలుసు బిగించేటప్పుడు ముందు కవర్ నట్లు సడలిస్తారా, లేక నేరుగా స్క్రూ తిప్పేస్తారా?

కొమ్మలకోత · గురువారం, రాత్రి 9:26

...నేరుగా స్క్రూ తిప్పేస్తాను. ఈ రెండు వారాల్లో ఒక ముప్ఫై నలభైసార్లు తిప్పి ఉంటాను. గట్టిగా ఉంటే ఇంకాస్త బలం పెట్టేవాణ్ణి.

ఆకురాయి · గురువారం, రాత్రి 9:40

ఇక లెక్క సరిపోయింది. 1.3 గొలుసు వల్ల ఊడడం మొదలైంది. ఊడినప్పుడల్లా బిగించారు. నట్లు బిగిసి ఉండగా బార్ కదలదు, స్క్రూ బలమంతా మర మీదే పడింది, మర అరిగింది. గొలుసు మార్చేసరికి మొదటి జబ్బు పోయింది, అది కన్న పిల్ల మిగిలింది.

కొత్త స్క్రూ, మేకు కలిపి ఒకే సెట్టుగా దొరుకుతాయి. వేసేటప్పుడు వరుస ఇది: నట్లు వేళ్ళతో మాత్రమే బిగించండి, బార్ కొస పైకెత్తండి, స్క్రూ తిప్పి గొలుసు సరిచేయండి, కొస దించకుండానే పానాతో నట్లు బిగించండి. పని మధ్యలో బిగించాలన్నా ఇదే వరుస, ముందు నట్లు అరచుట్టు సడలించాలి.

నిన్న మళ్ళీ ఊడిన ఆ 1.5 గొలుసును కూడా అలాగే వేయకండి. ఊడిన క్షణంలో తిరుగుతున్న స్ప్రాకెట్ డ్రైవ్ లింకుల పక్కలను కొరుకుతుంది. ఒక్కో లింకునూ వెలుతురులో చూసి, లేచిన అంచులను చిన్న ఆకురాయితో నున్నగా చేయండి. మొనలే తెగి పోయి ఉంటే, లేదా లింకు వంగిపోయి కీలు దగ్గర ఆడకపోతే, గొలుసు పక్కన పెట్టేయడమే.

అడవిదారి · శుక్రవారం, ఉదయం 6:55

ఆకురాయి గారి చివరి మాటకు నాదో అనుభవం. లేచిన అంచులు తీయకుండా వేసిన గొలుసును చేత్తో తిప్పితే ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తుంది. ఆ లింకుకు సుద్దతో గుర్తు పెట్టుకుంటే 72 లింకులూ వెతికే పని తప్పుతుంది.

కొమ్మలకోత · ఆదివారం, సాయంత్రం 5:40

నాలుగు లింకులకు అంచులు లేచాయి. సుద్ద గుర్తు చిట్కాతో మూడు దొరికాయి, నాలుగోది కంటితోనే కనిపించింది. ఆకురాయితో సరిచేశాక చేత్తో తిప్పితే ఎక్కడా పట్టడం లేదు. టెన్షనర్ సెట్టు కొత్తది వేశాను. బార్ రెండు ముఖాలూ, ఆనే చోటూ మెరిసేలా తుడిచాను. పెన్సిల్ గీత మళ్ళీ గీశాను.

మూడు ట్యాంకులు కోశాను, అందులో ఒకటి పూర్తిగా సన్నకొమ్మలే. మొదటి ట్యాంకు మధ్యలో ఒకసారి కాస్త వదులైతే నట్లు సడలించి, కొస ఎత్తి, బిగించి, గీత కొత్తగా గీసుకున్నాను. ఆ గీత ఇప్పటికీ కవర్ అంచునే ఉంది. సాయంత్రం గొలుసు సడలించి పెట్టాను, పాతఇంజన్ గారూ.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఈ 1.3 గొలుసును ఏం చేయాలి? పళ్ళు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

కొలతబద్ద · ఆదివారం, సాయంత్రం 6:02

.050 గేజ్, .325 పిచ్, 72 లింకులకు సరిపోయే బార్ దొరికితే మీ రంపానికే వాడుకోవచ్చు, స్ప్రాకెట్ మార్చనక్కర్లేదు. దానికి పిచ్ కలిస్తే చాలు. ఆ బార్ తోకలోని రంధ్రాలు మీ రంపానికి సరిపోతాయో లేదో మాత్రం చూసుకోండి. అప్పటి వరకు తీగతో కట్టి, 1.3 అని పెద్ద అక్షరాలతో చీటీ తగిలించి ఉంచండి. చీటీ లేకపోతే వచ్చే ఏడాది దాన్నే మళ్ళీ ఎక్కిస్తారు.

బలరంపం · ఆదివారం, రాత్రి 7:30

ఈ దారం చదివి నా రంపం కూడా విప్పాను. ఎనిమిదేళ్ళుగా గొలుసు ఊడలేదని చెప్పాను కదా. బార్ కొసనున్న చక్రం చేత్తో తిప్పితే తిరగడం లేదు. నీలం రంగుకు మాడి ఉంది. క్లచ్ డ్రమ్ము పట్టుకుని ఊపితే లొడలొడలాడుతోంది.

పాతఇంజన్ గారూ, మీరు నవ్వకుండా ఉంటానంటే కొత్త దారం ఒకటి మొదలుపెడతాను.

పాతఇంజన్ · ఆదివారం, రాత్రి 7:34

నవ్వను. ఫోటోలు పెట్టండి. డ్రమ్ము తీసే ముందు క్లచ్ మర ఏ వైపు తిరుగుతుందో మాన్యువల్‌లో చూడండి. చాలా రంపాల్లో అది ఎడమ మర, మామూలు నట్టు విప్పే వైపు తిప్పితే ఊడదు, ఇంకా బిగుస్తుంది.